వరాలు ఎడమకాలు

2078 నాటికి టీవీ సీరియళ్లు కూడా తమ పూర్వీకులెవరో చూపించుకోవలసిన రోజులొచ్చాయి. రాజమహేంద్రవరంలోని దృశ్యభాండాగారంలో చోటు నిండిపోయింది మరి. పాత్రలకు పురాణంలోనో కవిత్వంలోనో మూలం ఉన్న సీరియల్ ఉంటుంది, లేనిది చెరిగిపోతుంది. ఆ సంగతి తేల్చేది మూలదర్శిని. తాళపత్రం నుంచి ఫోన్ వీడియో దాకా దొరికిన ప్రతి మాటనూ, ప్రతి భంగిమనూ తేదీల వారీగా పేర్చి, ఏది ముందు పుట్టిందో చెప్పే యంత్రం అది. మొహమాటమన్నది దానికి తెలియదు.

‘వరాలు పడవ’ వంతు వచ్చిన రోజున ఆ సీరియల్ అభిమాన సంఘం అధ్యక్షురాలు సాన్విక కోనసీమ నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆమెకు యాభై అయిదేళ్లు.

“సీరియల్లో పడవ నడిపే ఆ వరాలు మా రేవుతల్లేనండి,” అంది, యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ రుబీనాతో. “వరదలో జనాన్ని దాటించేటప్పుడు అమ్మవారు ఎడంకాలు పడవ అంచు మీద పెట్టుకుంటాదండి. మా హారతి పాటలో ఉంది. వరాలూ అంతేకదండి! రచయిత మా కథే తీసుకున్నాడు. దీన్ని చెరిపేత్తే మా అమ్మవారిని చెరిపేసినట్టేనండి.”

రుబీనా పాటనూ సీరియల్‌నూ యంత్రానికి అప్పగించింది. నాలుగు నిమిషాలు పట్టింది.

“సీరియల్‌కు పురాణ మూలం లేదు,” అంది మూలదర్శిని. “షూటింగ్ డైరీ ప్రకారం ఆ సీను తీసిన రోజు వరాలు వేషం వేసిన నటికి మడమ బెణికింది. వాపు తగ్గాలని కాలు ఎత్తుగా పడవ అంచు మీద పెట్టించారు.”

సాన్విక మొహం పాలిపోయింది. రుబీనాకు ఆమెను చూస్తే జాలేసింది.

“రేవుతల్లి కథకు మాత్రం మూలం ఉంది. ఈ సీరియలే,” అని యంత్రం కొనసాగించింది. “ఆ ఎపిసోడ్ వచ్చిన పదోరోజున, 2029 వరద శిబిరంలో ఎవరో ఇది రికార్డు చేశారు. అంతకుముందు రేవుతల్లి పేరు ఎక్కడా లేదు.”

ఒక ముసలి గొంతు వినిపించింది. “ఏడవకండమ్మా. పడవేసుకుని తల్లొత్తంది. ఇదిగో, అంచు మీద కాలెట్టింది. పడవింక ఊగదు.”

“మా నాయనమ్మండి!” సాన్విక కుర్చీలో కూలబడింది. ఆరేళ్లప్పుడు తనూ ఆ శిబిరంలోనే ఉంది. కరెంటు లేక, టీవీ లేక పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే, నాయనమ్మ సీరియల్‌ను అమ్మవారి కథగా చెప్పి ఊరుకోబెట్టింది. ఆ పిల్లలే పెద్దయ్యి హారతి పాట కట్టుకున్నారు.

“మూలాన్ని చెరపడానికి నాకు అనుమతి లేదు,” అంటూ యంత్రం సీరియల్‌ను శాశ్వత జాబితాలో చేర్చింది.

సాన్విక కళ్లు తుడుచుకుని రుబీనా చేతులు పట్టుకుంది. “నాయనమ్మ పోయి నలభై ఏళ్లండి. మళ్లీ వింటాననుకోలేదు. మీరూ మీ మిషనూ చల్లగా ఉండాలమ్మా.”

“మరి అమ్మవారు మీ నాయనమ్మ కల్పించిందేనని సంఘంలో చెప్తారా?”

“చెప్తానండి. దాచడమెందుకు?” అని గుమ్మం దాకా వెళ్లి, సాన్విక వెనక్కి తిరిగింది. “కానీ మేడంగారూ, సరిగ్గా వరదొచ్చే ముందు ఆ నటి కాలు ఊరికే బెణికిందంటారా?”

రుబీనా నవ్వబోయింది. నవ్వు రాలేదు. కుర్చీ యంత్రం దగ్గరకు లాక్కుంది.

“ఆ వారం షూటింగ్ డైరీ మళ్లీ తెరువు,” అంది.