పసుపు నీళ్ళ ప్రమాణం

"ఏయ్... ఎవరది? ఆగు!"

ఆగడానికా ఇంత దూరం వచ్చింది? సుకుమారి ఇంకా గట్టిగా పరుగెడుతోంది.

టార్చిలైటు వెలుగు వీపు మీద పడుతోంది. కొంగు తుమ్మకంపకు తగులుకుంది. విడిపించుకునే టైం లేదు. చించేసింది!

వెనక ముగ్గురు. ముందు గోడ. గోడ అవతల జంగయ్య టాంకర్ల షెడ్డు.

ఎక్కింది... దూకింది!

మోకాలి చిప్ప కలుక్కుమంది. జాకెట్లో దోపుకున్న గాజు సీసా మాత్రం పగల్లేదు. దాని మీద ఫ్యాక్టరీ ల్యాబ్ లేబుల్ ఉంది. సీసా దొరికితే మనిషి దొరికినట్టే.

షెడ్డులో నాలుగు టాంకర్లు. దాక్కునే చోటే లేదు.

లేదా?

మూడో టాంకరు నిచ్చెన ఎక్కుతోంది. పైన గుండ్రటి మూత. ఏడాది కిందట ఆమె భర్త బర్నబా శవాన్ని ఈ మూతలోంచే తాళ్ళు కట్టి పైకి లాగారు.

మూత ఎత్తింది. లోపలికి దిగింది.

వాసన! కళ్ళలో కారం కొట్టినట్టు... మిగిలిన కొంగు ముక్కుకు అదుముకుంది. ఊపిరి బిగపట్టింది.

బయట చెప్పుల చప్పుడు.

"దావత్‌ల మందు సీసా ఎత్తుకపోయిందిరా ఎవతో. జాకెట్ల వెట్టుకునుడు నేను జూసిన." ఆ గొంతు చిన్నరాములుది. జంగయ్యకు కుడి భుజం.

"టాంకర్లల్ల జూద్దామా అన్నా?"

"పాగల్ గానివారా? అండ్ల దిగితే పానం దక్కుతదా? బర్నబాగాడు ఏమయిండో మర్చిపోయినవా?"

"ఆడు తాగి పడ్డడు గద?"

చిన్నరాములు నవ్వాడు. "గది పోలీసోళ్ళకు జెప్పిన ముచ్చట. మాస్కు ఇస్తెనే కడగనీకి దిగుత అన్నడు. జంగన్న మెడలువట్టి దింపిండు... మూత గూడ ఏసిండు."

మూత కూడా!

సుకుమారి పళ్ళు కొంగులోకి దిగబడ్డాయి. అరవకూడదు. దగ్గకూడదు.

ఒకటి... రెండు... మూడు... నలభై దాకా లెక్కపెట్టింది. అడుగులు దూరమయ్యాయి. తల బయటపెట్టి గాలిని అన్నం మింగినట్టు మింగింది.

అతను తాగలేదని ఆమెకు ముందే తెలుసు. చర్చిలో ఇచ్చే ద్రాక్షరసం తప్ప మరొకటి ముట్టని మనిషి! క్షమించమని పాస్టరుగారు పన్నెండు ఆదివారాలు చెప్పారు. పన్నెండుసార్లూ తలూపింది. పదమూడో ఆదివారం చర్చికి వెళ్ళడం మానేసింది.

చంపడం ఆమె వల్ల కాదు. కానీ జంగయ్యకు ప్రాణం కంటే తీపిది ఒకటుంది.

సర్పంచి కుర్చీ.

రేపే పోలింగ్! 1995 జూన్. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగును టాంకర్లకెత్తి, చిట్కుల్ అవతల ఈ కుంటపల్లి వాగులో ఒంపే కాంట్రాక్టరు జంగయ్య ఒకవైపు. ఆ మురుగుకు వరి మడి మాడిపోయిన రైతు ఐలన్న మరోవైపు. జంగయ్య గెలిచాడా... ఐదేళ్ళపాటు అతన్ని అడిగే మొనగాడు ఉండడు. బర్నబాది తాగుబోతు చావుగానే మిగిలిపోతుంది.

అలా మిగలనివ్వదు సుకుమారి!

ఆమె మందుల ఫ్యాక్టరీ ల్యాబులో గాజుసామాను కడుగుతుంది. సిల్వర్ నైట్రేట్ ఒలికి వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. మొన్న డిసెంబరు ఎలక్షన్లలో పోలింగ్ ఆఫీసరు ఆ వేలు చూసి, "ఒకసారి వేశావు కదమ్మా, మళ్ళీ వచ్చావా?" అని వెనక్కి పంపేశాడు. ఓటు సిరాలో ఉండేదీ అదే మందని ల్యాబులో కెమిస్టు చెప్పి పడీ పడీ నవ్వాడు.

సుకుమారి నవ్వలేదు. గుర్తుపెట్టుకుంది.

పోలింగుకు ముందు రాత్రి జంగయ్య ఊరికి దావత్ ఇస్తాడు. మటన్ తిన్న ప్రతివాడూ టబ్బులోని పసుపు నీళ్ళు రెండు చేతులా దోసిట పట్టి, పోచమ్మ పటం ముందు వదిలి, ఓటు నీకేనని ఒట్టేయాలి. అమ్మవారి ముందు ఒట్టు... ఎవడు తప్పుతాడు?

ఇవాళ ఆ టబ్బు నింపింది సుకుమారే! కొంగు తల మీదికి లాక్కుని, ల్యాబులోని డిస్టిల్డ్ వాటర్ క్యాను నడుముకెత్తుకుని వచ్చింది. ఊరి బోరు ఉప్పునీళ్ళు వాడితే మందు పాలలా తెల్లబడి దొరికిపోతుంది. దావత్‌లో నీళ్ళు మోసే ఆడదాని మొహం ఎవరు చూస్తారు? పసుపు కలిపింది. సీసాలోని సిల్వర్ నైట్రేట్ మొత్తం ఒంపేసింది. ఖాళీ సీసా దాచుకుంటుంటే చిన్నరాములు కంటబడింది... అంతే!

ఇప్పుడు దావత్ దగ్గరికి తిరిగొచ్చి, కంచె వెనక నుంచి చూస్తోంది.

మొదటి దోసిలి జంగయ్యదే!

"నేను మీకు సేవ జేస్త. మీరు నాకు ఓటెయ్యాలె. మాట తప్పినోని ఇల్లు ఆ తల్లే జూసుకుంటది!"

తర్వాత జనం. ఒకరు... పదిమంది... యాభై... మొత్తం నూట పన్నెండు మంది.

ఆ వరసలో రాజవ్వ! బర్నబా శవానికి స్నానం చేయించిన ముసలి చేతులు ఆ నీళ్ళలో మునుగుతున్నాయి. ఆమె వెనక వాడ వాడంతా.

మటన్ ముక్కకు అమ్ముడుపోయారు! సుకుమారి తుపుక్కున ఉమ్మేసింది. వీళ్ళు జంగయ్య గడప తొక్కిన రోజు నుంచి, అంటే మూడు నెలలుగా, ఆమె వీళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడడం లేదు.

తినండి. బాగా తినండి. రేపు చెబుతాను!

పొద్దున ఏడయ్యేసరికే ఎండ చుర్రుమంటోంది. ఆ మందు నల్లబడడానికి కావలసిందీ ఎండే.

ఎనిమిదికల్లా బడి ముందు గోల మొదలైంది.

"సారూ, నేను ఓటెయ్యనే లేదు!"

"మరి వేలికి ఈ మరక ఏమిటి?"

"పసుపు నీళ్ళు సారూ..."

"పసుపు నల్లగా ఉంటుందా? ఎడమ చూపుడు వేలికి మరక ఉంటే బ్యాలెట్ ఇవ్వకూడదు. రూల్ అంతే. నెక్స్ట్!"

సంగారెడ్డి నుంచి డ్యూటీకి వచ్చిన లెక్కల మాస్టారాయన. ఏడ్చినా కరగడు, బెదిరించినా బెదరడు.

ఒకరి వెనక ఒకరు తిరిగొస్తున్నారు. సుకుమారి గేటు బయట నిలబడి లెక్కపెడుతోంది. తన ఓటూ పోయినట్టే, ఆ సంగతి తెలుసు. ఒకటి పోతే పోయింది... వాడివి నూట పన్నెండు!

తొమ్మిదిన్నరకు జంగయ్య జీపు దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రుమాలు. లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకు...

"నేను క్యాండిడేట్‌నయ్యా! నాకే ఓటు లేదంటవా?"

"మీ చెయ్యి మీరే చూసుకోండి సార్."

చూసుకున్నాడు. పది వేళ్ళూ బొగ్గు! మణికట్టు దాకా చారలు!

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత లైనంతా నవ్వింది. జంగయ్య ఊరి ముందు తల దించుకుని జీపెక్కాడు. ఏడాదిలో మొదటిసారి సుకుమారికి ఆకలేసింది.

ఒంటిగంటకు పోలింగ్ బంద్. రెండింటికి లెక్కింపు. నాలుగింటికి మైకు గరగరలాడింది.

"ఐలన్నకు... మూడు వందల పదకొండు. జంగయ్యకు... మూడు వందల పద్దెనిమిది. జంగయ్య సర్పంచిగా ఎన్నికైనట్టు..."

ఏడు ఓట్లు!

ఎలా? అన్ని ఓట్లు పోయినా వాడెలా గెలుస్తాడు?

ఎక్కడో మొదటి పటాకు పేలింది. బడి గోడ పక్కన కూలబడి రాజవ్వ తల బాదుకుంటోంది.

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్? మీవోడే గెలిచిండు గద!" మూడు నెలల తర్వాత సుకుమారి ఆమెతో ఆడిన మొదటి మాట ఇది.

"వాడు మావోడెట్లయితడు బిడ్డా? నీ పెనిమిటికి తానం బోసిన నేను... వానికి ఓటేస్తనా?"

"ఒట్టేస్తివి గద!"

"ఎయ్యకపోతే ఊర్ల బతకనిస్తడా? అందరం కూడవలుక్కున్నం. వాని కూర తినాలె, ఒట్టు ఎయ్యాలె, లోపటికి వొయ్యి ఐలన్నకు గుద్దాలె అని. మమ్ముల తప్పు వట్టకు తల్లీ అని పోచమ్మకు ముడుపు గూడ గట్టినం. డెబ్బై మందిమి బిడ్డా! ఒక్కరి ఓటు పడలే."

డెబ్బై!

సుకుమారి ఆమె భుజం పట్టుకుంది. "నాకు... ఒక్క మాట జెప్పొద్దా?"

"ఏడ జెప్పాలె? ఎదురొస్తే మొకం దిప్పుకపోతివి. రెండుసార్లు నీ తలుపు గొట్టిన. తియ్యకపోతివి."

నిజమే. తలుపు సందులోంచి రాజవ్వను చూసి కూడా గొళ్ళెం తీయలేదు.

రాజవ్వ నల్లటి వేళ్ళు చాపింది. "జంగయ్యకు ఎట్లనో తెలిసింది. మా ఓట్లు పడొద్దని నీళ్ళల్ల ఏందో కలిపిచ్చిండు. అనుమానం రావొద్దని తన ఓటు గూడ పోగొట్టుకున్నడు, ఎంత జిత్తులోడు సూడు! ఎవరితోటి కలిపిచ్చిండో గాని... ఆ చేతులు పడిపోను! ఆ ఇంట్ల దీపం ఆరిపోను!"

ఆ ఇంట్లో దీపం ఆరిపోయి ఏడాదైంది.

పటాకుల లడీ అంటుకుంది. చెవులు పగిలే మోత! జనం మధ్యలోంచి జంగయ్య జీపు మెల్లగా వస్తోంది. మెడ నిండా దండలు. ఆ నల్ల చేతులతోనే దండాలు పెడుతున్నాడు.

"అవ్వా... అది కలిపింది నేనే."

"ఏందీ?" రాజవ్వ చెవి దగ్గరికి పెట్టింది. "వినొస్తలేదు బిడ్డా!"

సుకుమారి గొంతు చించుకుంది.

"నేనే కలిపిన! ఆ నీళ్ళల్ల మందు కలిపింది నేనే!"

సరిగ్గా అప్పుడే... లడీ అయిపోయింది!

ఆమె కేక బడి ఆవరణంతా వినిపించింది. రాజవ్వ తన నల్లటి వేళ్ళ వంక చూసుకుంది. మనుషులు ఒక్కొక్కరే ఇటు తిరుగుతున్నారు.

జీపు ఆగింది.