నాలుగో బీప్ ఉండదు

లారీ!

ఎదురుగా... ముఖం మీదికి!

భరణి స్టీరింగ్ ఎడమకి తిప్పేస్తాడు. కారు ఒక్క ఊపు ఊగుతుంది. కంటెయినర్ లారీ హారన్ మోగించుకుంటూ అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా వెళ్ళిపోతుంది.

"చంపేస్తావా ఏంటి!" వెనక సీట్లోంచి నరేన్ అరుస్తాడు.

"ఎనిమిదిన్నరకి ఆడుండాల అన్నా! ఏడూ నలభై అయిపోయె! ఇట్లా తోలకపోతే ప్రీతి గతేమి?"



ముందు సీట్లో రాశి. ఒళ్ళో సౌండ్ రికార్డర్. దాని పట్టీ ఆమె మెడలోనే ఉంది. పొద్దున పాండిచ్చేరిలో తగిలించుకుంది, ఇంతవరకూ తియ్యలేదు.

ఆ రికార్డర్లో ఒక కార్డు. గోరంత ముక్క.

అది నీళ్ళలో పడకపోతే... ప్రీతి ఉండదు!

పొద్దున ఎంత హాయిగా బయల్దేరారు! నిన్ననే షూటింగ్ అయిపోయింది. ఇంటికి నూటయాభై కిలోమీటర్లు. పగలంతా పెట్టుకుందాం, సముద్రం కనిపించిన ప్రతిచోటా ఆగుదాం అంది ప్రీతి. అసిస్టెంట్ డైరెక్టర్, పురసవాక్కం పిల్ల, నోట్లో నాలుక ఆగదు. ఆమె బుల్లెట్ మీద. వీళ్ళు ముగ్గురూ కారులో. ఆగిన ప్రతిచోటా రాశి మైకు పెట్టి ఆ చోటి చప్పుడు పట్టుకుంది. అలలు. కాకులు. తాటాకులు.

మరక్కాణం ఉప్పు మడుల దగ్గర కూడా పట్టుకుంది. మూడు గంటలకి.

ఆ తర్వాతే అంతా తలకిందులైంది.

"మీరు పదండి అక్కా. నరేన్‌తో కొంచెం మాట్లాడాల. మేము బుల్లెట్ మీద వస్తాం" అంది ప్రీతి. ఎందుకో ముభావంగా ఉంది. ఎండ అనుకుంది రాశి.

సాయంత్రం కోవళంలో బజ్జీల బండి దగ్గర నరేన్ ఒక్కడే బస్సు దిగాడు. "ఇంకా ఫోటోలు తీస్తోంది. నన్ను పొమ్మంది" అన్నాడు.

పది నిమిషాల తర్వాత రాశి ఫోన్‌కి వాయిస్ మెసేజ్. ప్రీతి నంబర్ నుంచి. గొంతు మాత్రం మగాడిది. గరగరలాడే ముసలి గొంతు.

"ప్రీతి నా దగ్గరుంది. ఇవాళ రికార్డ్ చేసిన కార్డు ఎన్నూరు క్రీక్ వంతెన మీంచి నీళ్ళలో పడాలి. రాత్రి ఎనిమిదిన్నర. పోలీసు అంటే... శవం!"

వెంటనే ఇంకోటి.

"కార్డు ఎవరూ వినకూడదు!"

తిరిగి ఫోన్ చేస్తే ఎత్తడు. ఒక్కసారి ఆమె గొంతు వినిపించు అని రాస్తే జవాబు లేదు.

ఇప్పుడు తిరువొత్తియూరు దాటుతున్నారు. ఎడమ పక్క దూరంగా మనలి రిఫైనరీ మంట ఆకాశంలో వెలుగుతోంది. కుడి పక్క చీకట్లో సముద్రం. రోడ్డు నిండా లారీలు.

టింగ్!

మూడో మెసేజ్!

"టైమ్ అయిపోతోంది. మీ పిల్ల ఏడుస్తోంది!"

"నీకు దండం పెడతా రాశీ, ఆ కార్డు ఇటిచ్చెయ్. నేను పారేస్తా" నరేన్ వెనకనుంచి చెయ్యి చాస్తాడు. "నువ్వు వింటావేమోనని భయంగా ఉంది."

"వినను" అంటుంది రాశి.

కార్డు వినదు. మాటంటే మాటే.

కానీ మెసేజ్ వినొద్దని ఎవరూ అనలేదు కదా!

హెడ్‌ఫోన్స్ ఫోన్‌కి తగిలిస్తుంది. సాలిగ్రామంలోని డబ్బింగ్ థియేటర్లో ఆరేళ్ళుగా ఆమె పని అదే. మనుషులు మాటలు వింటారు. ఆమె మాటల మధ్య ఉన్నది వింటుంది.

మూడో మెసేజ్. మొదటి నుంచి.

ముందు ఏమీ లేదు. తర్వాత ఏదో...

టక్. టక్. టక్.

ఖాళీ.

"టైమ్ అయిపోతోంది..."

రాశి వెనక్కి జరుపుతుంది. రెండో మెసేజ్ పెడుతుంది.

టక్. టక్. టక్. ఖాళీ. అప్పుడు మాట.

మొదటిది.

టక్. టక్. టక్.



డబ్బింగ్‌లో డైలాగుకి ముందు ఆర్టిస్టు చెవిలో మూడు బీప్‌లు వినిపిస్తాయి. సెకనుకొకటి. నాలుగోది ఉండదు. ఆ నాలుగో చోటే నోరు తెరవాలి. అందరూ లోపల లెక్కపెట్టుకుంటారు. ఒక్కడు మాత్రం ఉంగరం వేలితో స్టాండ్ మీద కొడతాడు. ఎన్నిసార్లు తిట్టిందో! ఎన్ని వేలసార్లు ఆ టక్‌లు కత్తిరించిందో! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు, నీ ఉంగరం కరిగిస్తేగాని నువ్వు బాగుపడవు అని నవ్వేది.

యాభై గొంతులు మార్చగలడు. కుర్రాడు, ముసలాడు, రాక్షసుడు.

వేలు మాత్రం మార్చలేడు!

నరేన్.

సరిగ్గా ఆమె తల వెనక కూర్చున్నాడు.

తిరిగి చూడదు. చూస్తే ముఖం పట్టిచ్చేస్తుంది. వెనక సీట్లో ఫోన్ వెలుగు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. ప్రీతి ఫోన్... వాడి దగ్గరే ఉంది!

"భరణీ... బంక్ దగ్గర ఆపు. బాత్రూంకి వెళ్ళాలి."

"ఇప్పుడా!" నరేన్ ముందుకు వంగుతాడు. వాడి ఊపిరి ఆమె మెడకి తగులుతుంది.

"ఆగలేను!"

భరణి ఆపుతాడు. రాశి రికార్డర్‌తోనే దిగుతుంది. నడుస్తుంది. పరిగెత్తకూడదు... నడవాలి.

తలుపు. గడియ.

ఇక మాట లేదు, గీట లేదు. మరక్కాణం ఫైల్ పెడుతుంది.

మైకు పెట్టినప్పుడు ఆమె కట్టడి ఒకటుంది. ఒక్కరు హెడ్‌ఫోన్స్‌తో కాపలా. మిగతావాళ్ళు వంద అడుగుల అవతలికి పోవాలి, నోరు మూసుకోవాలి. మధ్యాహ్నం కాపలా ప్రీతిది.

గాలి. కొంగలు. కొట్టంలో మడులకి నీళ్ళు తోడే డీజిల్ ఇంజిన్. దగ్గుతుంది, ఆగుతుంది, మళ్ళీ దగ్గుతుంది. "మా ఆయన కూడా ఇంతే మా" అని మధ్యాహ్నం తమిళ యాసలో నవ్వింది ఉప్పు గీసే అంజలై. ముంజలు పెట్టింది. రాశి ఆమె నంబర్ తీసుకుంది, ఫోటోలు పంపుతానని.

నాలుగో నిమిషం. గాలి ఇటు తిరిగింది.

నరేన్ గొంతు. గట్టు మీద ఫోన్లో ఎవరితోనో.

"...కారు మనలిలో తుక్కు చేయించేశాన్రా, నంబర్ ప్లేట్ కూడా లేదు... ఏం చెయ్యను మరి! దొరస్వామి అప్పటికి బతికే ఉన్నాడు. చెయ్యెత్తి 'నరేన్ బాబూ' అన్నాడు. గుర్తుపట్టేశాడు... అందుకే రివర్స్ చేశా."

రాశి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

దొరస్వామి! వాళ్ళ థియేటర్ వాచ్‌మన్. రెండు నెలల కిందట తెల్లవారుజామున పాలకి రోడ్డు దాటుతూ పోయాడు. గుద్దిన కారు దొరకలేదు. నరేన్ ఏడ్చాడు. పాడె కూడా మోశాడు.

దొరస్వామి కొడుకే... బయట కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న భరణి!

ప్రీతి ఇదంతా చెవులారా విన్నది. స్నేహితుడు కదా, లొంగిపొమ్మని చెబుదామనుకుంది. పిచ్చిపిల్ల!

ఎక్కడుంది? ఎక్కడ పెట్టాడు?

మూడో మెసేజ్ ఇంకోసారి. ఈసారి మాట కాదు. మాట వెనక ఏముంది?

దగ్గు... ఆగడం... దగ్గు.

అదే ఇంజిన్! పక్కనే, గోడల మధ్య! మెసేజ్‌లు అక్కడే ముందుగా రికార్డ్ చేసి పెట్టుకున్నాడు!

అంజలై నంబర్ నొక్కుతుంది.

"అంజలై అక్కా! మధ్యాహ్నం మైకు పెట్టిన రాశిని. ఇంజిన్ కొట్టం తెరిచి చూడు! మా ప్రీతి అందులో ఉంది. ఎవరినైనా తీసుకుని పరిగెత్తు!"

"కొట్టమా? దానికి పూట్టు వేసి ఉంది మా. ఎవరో కొత్త పూట్టు..."

"తాళం పగలగొట్టు అక్కా! చూసి వెంటనే ఫోన్ చెయ్!"

టక్. టక్. టక్.

తలుపు మీద!

"రాశీ... అయ్యిందా?"

కార్డు తీస్తుంది. రవికెలో దోపుకుంటుంది. సంచిలో ఉన్న ఖాళీ కార్డు రికార్డర్లో పెడుతుంది. ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటుంది.

"వస్తున్నా!"

వంతెన. ఎనిమిదీ ఇరవై.

కింద క్రీక్ నీళ్ళు నల్లగా ఉన్నాయి. అవతల థర్మల్ స్టేషన్ గొట్టాల మీద ఎర్ర దీపాలు. బూడిద వాసన. భరణి కారు ఒక పక్కగా ఆపుతాడు.

"ఇలా ఇవ్వు" నరేన్ చెయ్యి చాస్తాడు.

రాశి ఖాళీ కార్డు ఆ చేతిలో పెడుతుంది. వాడి ముఖంలో రిలీఫ్! దాచుకోలేకపోతున్నాడు. డబ్బింగ్ తప్ప నటన రాదు వెధవకి.

నరేన్ దిగుతాడు. వంతెన మధ్యకి నడుస్తాడు.

"డోర్లు లాక్ చెయ్ భరణీ."

"ఏమి అక్కా?"

"చెయ్!"

క్లిక్!

రాశి పోలీసు నంబర్ నూటికి ఫోన్ చేస్తుంది. గబగబా చెబుతుంది. పది నిమిషాల్లో బండి వస్తుందంటారు. పెట్టేసి చూస్తే భరణి ఆమెనే చూస్తున్నాడు.

"నరేన్ అన్న పేరు చెప్తివి. ఏమి చేసినాడు అన్న?"

"ప్రీతిని దాచింది వాడే."

"ఎందుకు?"

ఆమె చెయ్యి రవికెలోని కార్డు మీదికి వెళ్తుంది.

"ఎందుకు అక్కా? ఆ కార్డులో ఏముండాది?"

అబద్ధం చెప్పొచ్చు. పది నిమిషాలు... ఒక్క పది నిమిషాలు అబద్ధం చెబితే చాలు. కానీ దొరస్వామి రోజూ ఆమెకి టీ తెచ్చి అద్దం మీద వేలితో కొట్టేవాడు, "టేక్ ఓకేనా మా" అని. ఆ కొడుకు ముఖంలోకి చూస్తూ ఆమెకి అబద్ధం రాదు.

"ముందు మాటివ్వు. ప్రీతి దొరికేదాకా వాడి మీద చెయ్యి వెయ్యనని. కొట్టంలో ప్రీతి లేకపోతే... ఎక్కడుందో చెప్పగలిగేది వాడొక్కడే!"

"సెరి."

"ఒట్టు వెయ్యి!"

"మా నాయన మీద ఒట్టు. ప్రీతి దొరికేదాకా."

ఆమె కార్డు పెడుతుంది. హెడ్‌ఫోన్స్ అతని చెవులకి తగిలిస్తుంది.

ఒక నిమిషం.

భరణి కదలడు. ఏడవడు. హెడ్‌ఫోన్స్ తీసి, తీగ చుట్టి, జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెడతాడు.

"రివర్స్ చేసినాడంట" అంటాడు. అంతే.

ఎదురుగా నరేన్ చెయ్యి విసురుతాడు. కార్డు నీళ్ళలోకి పోతుంది. చేతులు దులుపుకుని వెనక్కి తిరుగుతాడు. నడుచుకుంటూ వస్తున్నాడు. హెడ్‌లైట్ల వెలుగులో కళ్ళు చిట్లించి నవ్వుతున్నాడు.

ఫోన్!

అంజలై!

"చెప్పక్కా! చెప్పు!"

అవతల అరుపులు, ఎవరిదో ఏడుపు. ఇనుము మీద ఇనుము. అంజలై రొప్పుతోంది.

"ఉంది మా! ఇంజిన్ వెనకాల... కాళ్ళూ చేతులూ కట్టేసి... తల నిండా నెత్తురు మా! కళ్ళు తెరిచింది! నీళ్ళు అడుగుతోంది!"

రాశికి ఏడుపు తన్నుకొస్తుంది. నవ్వు కూడా. కారు దద్దరిల్లేలా అరుస్తుంది.

"దొరికింది! భరణీ, ప్రీతి దొరికింది! బతికే ఉంది!"

"దొరికిందా అక్కా?"

"దొరికిందిరా!"

"నిజంగా?"

"నిజం! మాట్లాడుతోంది కూడా!"

"సెరి" అంటాడు భరణి.

అతని చెయ్యి గేరు మీదికి వెళ్తుంది.

అప్పుడు గుర్తొస్తుంది రాశికి. ఏమని ఒట్టు వేయించుకుంది? ఎప్పటిదాకా అని?

"భరణీ... వద్దు! పోలీసులు వస్తున్నారు... భరణీ!"

నరేన్ కారు ముందుకి వచ్చాడు. డోరు తియ్యమన్నట్టు సైగ చేస్తాడు. ఎవరూ తియ్యరు. నవ్వుతూనే బానెట్ మీదికి వంగుతాడు. ఉంగరం వేలితో కొడతాడు.

టక్.

టక్.

టక్.

నాలుగో చోట... భరణి కాలు యాక్సిలరేటర్ మీద పడుతుంది!