చేపకు పెట్టిన పండగ వంతు

జహీరా బీ ఇంట్లో ఆకలితో ఉండే హక్కు ఎవరికీ లేదు. ఆదోనిలో పరుపులు కుట్టే మస్తాన్ వలి ఇల్లంటే ఆ వీధిలో మొదట గుర్తొచ్చేది పరుపులు కాదు, ఆయన భార్య చేతి వంట. కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినవాడైనా, దూది మూటలు దించడానికొచ్చిన కూలీ అయినా గడప తొక్కాడంటే కంచం ముందు కూర్చోవాల్సిందే. "వద్దమ్మా, తినే వచ్చినా" అంటే, "తింటే తిన్నావులే, మళ్లా తిను" అని వడ్డించేది. గోడ మీది పిల్లికి కూడా ఆ ఇంట్లో ఒక గిన్నె ఉంది.

అలాంటి మనిషి బక్రీదు పోయిన రెండో రోజు పొద్దున్నే ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే ముందు గదిలోంచి కోడలి కేక వినబడింది.

"అత్తా! తొట్టిలో ఏమేసినావు?"

రుక్సార్ ఎమ్మిగనూరు పిల్ల. ఫిరోజ్‌ను చేసుకుని ఈ ఇంటికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. పెళ్లికి ముందు కర్నూలులో అక్వేరియంల అంగట్లో పనిచేసింది. ఉప్పునీటి చేపలంటే ఆ పిల్లకు ప్రాణం. పెళ్లి మాటలప్పుడే "నా పని నేను మానను" అని తెగేసి చెబితే, "చేస్కో తల్లీ, ఎవరొద్దన్నారు" అని ముచ్చటపడి ఒప్పుకున్నది కూడా జహీరా బీయే. అట్లా వచ్చిందే ముందు గదిలోని ఆ గాజు తొట్టి. ఊళ్లో ఒక పళ్ల డాక్టరు తన క్లినిక్‌లో అలాంటిది పెట్టించుకోవాలనుకున్నాడు. ముందు వీళ్లింట్లోది చూసి చెబుతానన్నాడు. అది కుదిరితే రుక్సార్‌కు ఆదోనిలో సొంత పని మొదలైనట్టే.

ఇప్పుడా తొట్టిలో నీళ్లు బియ్యం కడుగు లాగా ఉన్నాయి. అడుగున ఏవో ముక్కలు పాచిపోయి తేలుతున్నాయి. నారింజ చారల చిన్న చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అరచేయంత పసుపు చేప మాత్రం రంగు వెలిసిపోయి ఒక మూలన ఒరిగి ఉంది.

"ఏమేసింటా? పండగ కదా, వంతు వేసినా" అంది జహీరా బీ, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

బక్రీదుకు కోసిన కుర్బానీ మేక మాంసం మూడు వాటాలు చేస్తారు. ఒకటి ఇంటికి, ఒకటి బంధువులకు, ఒకటి లేనివాళ్లకు. జహీరా బీ తన ఇంటి వాటాలోంచి పిల్లికీ కోళ్లకూ కూడా తీసేది. కోడలూ కొడుకూ నిన్న ఎమ్మిగనూరు పోయినప్పుడు ఆమె కంటికి ఈ చేపలు కనబడ్డాయి. ఇవి మాత్రం ఏం పాపం చేశాయి? కార్జం సన్నగా తరిగి, రుచికి కాస్త కొవ్వు కలిపి, బిస్మిల్లా అని వేసింది. అవి ఎగబడి తింటుంటే ఆమె కడుపు నిండింది. అందుకని ఇంకాస్త వేసింది.

"నేను ఎండు నాచు క్లిప్పుకు పెట్టి పోయింటి కదత్తా!"

"ఆ నల్ల కాగితమా? కాగితం తిని ఎవరన్నా బతుకుతారా? నోరు తెరుచుకోని అద్దానికేసి కొట్టుకుంటాంటే చూడలేకపోయినా."

"చేపలు ఎవరెదురొచ్చినా అట్లనే కొట్టుకుంటాయి. తిన్నంక గూడా కొట్టుకుంటాయి. మిగిలిందంతా కుళ్లి నీళ్లు విషమైపోయినాయి." రుక్సార్ తొట్టికి అడ్డంగా నిలబడింది. "ఇంక నువ్వు ఈ తొట్టి మీద చెయ్యి పెట్టొద్దు."

పక్కనున్న దూది గదిలో ఫిరోజ్ దూది ఏకే చప్పుడు కూడా ఆగిపోయింది. మస్తాన్ వలి నోట్లో పళ్లపొడితో అట్లాగే నిలబడిపోయాడు.

"నా చెయ్యి పెట్టొద్దా?" జహీరా బీ ముందుకొచ్చింది. "ఈ చేత్తో తిని సచ్చినోన్ని ఒక్కన్ని సూపించు! ఊరంతా తింటాది ఈ చెయ్యి. నిన్నగాక మొన్నొచ్చి నాకు తిండి పెట్టడం నేర్పిస్తాండావా? సరే. ఈ పూట నుంచి నేను పొయ్యి ముట్టను. ఆ తొట్టి గడప దాటినాకనే ముడతా!"

"తొట్టి దాటితే నేనూ దాటుతా. పని మానుకోని ఈడ ఊరికే కూర్చోనుండడానికి రాలేదు నేను."

"మా..." అన్నాడు ఫిరోజ్.

"నువ్వు నోర్ముయ్!" అన్నారు అత్తా కోడళ్లు ఇద్దరూ ఒకేసారి. ఫిరోజ్ దూది గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

పొయ్యి నిజంగానే ఆరిపోయింది. ఆ ఇంటికి హోటలు పొట్లాలు రావడం చూసి వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. మస్తాన్ వలి మధ్యాహ్నం బన్ను నమిలి, నమిలి, ఇక ఉండబట్టలేక భార్య దగ్గరికొచ్చాడు.

"జహీరా, టీ అన్నా..."

"తొట్టిలోంచి ముంచుకోని తాగు."

ముందు గదిలోనే అమ్ముడుపోని పరుపొకటి వేసుకుని, కాళ్లు చాపుకుని, గెలిచేదాకా లేవనన్నట్టు కూర్చుంది జహీరా బీ. కోడలి వైపు చూడదలుచుకోలేదు. చూడకుండా ఉండనూ లేకపోయింది. ఆ పిల్ల బక్కెట్లతో పాత నీళ్లు తోడింది, కొత్త నీళ్లలో ఉప్పు కలిపి పోసింది, అడుగున ముక్కలన్నీ గొట్టంతో పీల్చింది. చారల చేపలకు రొయ్య తునక వేస్తే తిన్నాయి. పసుపు చేప ముందు నాచు కట్టింది. అది మొహం తిప్పుకుంది. మళ్లీ కట్టింది. మళ్లీ తిప్పుకుంది. పొద్దున్నుంచి అది ఏమీ ముట్టలేదు. రుక్సార్ నేల మీద కూలబడి, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆకలితో ఉన్న ప్రాణిని చూస్తూ కూర్చోవడం జహీరా బీకి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఎంత ఓర్చుకున్నా ఆమె వల్ల కాలేదు.

"ఏం తింటాదది అసలు?"

"దాంతో నీకేం పనత్తా?"

"అడిగినా, అంతే. సెప్పకుంటే పో."

రుక్సార్ అద్దం మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పింది. "అన్నీ ఒకటే తినవత్తా. ఆ చారలవి రొయ్యలు తింటాయి. ఇది మేక మాదిరి. సముద్రంలో పొద్దస్తమానం రాళ్ల మీద పాచి మేస్కుంటా తిరుగుతాది. దాని కడుపు ఆకుకే పనికొస్తాది. కొవ్వు పడితే అరగదు."

"మేక మాదిరా?"

"ఊఁ."

జహీరా బీ చాపిన కాళ్లు ముడుచుకుంది. ఆమె పుట్టిల్లు హొళగుంద. పెళ్లయ్యేదాకా నాయన వెంట మేకలు తోలిన పిల్ల. పెళ్లింట మిగిలిన అన్నం మేకలకు పోస్తే, తెల్లారేసరికి అవి కడుపులుబ్బి పడి ఉండడం కళ్లారా చూసిన మనిషి. మేకకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"అంటే, నేను మేకకు... మేక కార్జం పెట్టినానా?"

రుక్సార్ తల ఊపింది. అయినా ఓడిపోవడం జహీరా బీకి అలవాటు లేదు.

"మొదుట్లోనే మేక అని సెప్పింటే అయిపోయేది కదా! చేప, చేప అంటివి!" అని కసురుకుంది. కసురుకుంటూనే కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడెట్ల? తినకుంటే సచ్చిపోతాదే అది!"

"తెల్లగడ్డ రసంలో నాచు తడిపి పెడితే ఒక్కోసారి వాసనకు వస్తాది. అంగట్లో అట్లనే చేస్తాంటిమి." రుక్సార్ లేచి వంటింటి వైపు అడుగేసింది.

"కూర్చో. నా రోలు నువ్వు ముట్టొద్దు."

జహీరా బీ లేచింది. రోట్లో వెల్లుల్లి దంచుతున్న చప్పుడు వినబడేసరికి మస్తాన్ వలి ఆశగా తొంగిచూశాడు. "పొయ్యి ముట్టనంటివే?"

"ఇది రోలు. కండ్లు కనపళ్లేదా?"

గిన్నెలో రసం తెచ్చి కోడలి ముందు పెట్టింది. నాచు మీదికి గిన్నె వంచబోయి ఆగింది. "ఎంత పోయాల?" అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత కష్టపడిందో మొహంలోనే కనబడింది.

"ఒక్క చుక్క. చాలు."

నాచు తడిశాక రుక్సార్ ఆ క్లిప్పు అత్త చేతికే ఇచ్చింది. "నువ్వే పెట్టు."

"నా చెయ్యి పెట్టొద్దంటివి కదా."

"అడగకుండా పెట్టొద్దంటాండా. అడిగి పెట్టు."

జహీరా బీ ఆ పిల్ల కళ్లలోకి చూసింది. బెదురు లేదు, వెటకారమూ లేదు. అద్దానికి క్లిప్పు తగిలించింది. ఇద్దరూ నేల మీద పక్కపక్కనే కూర్చున్నారు. పసుపు చేప కదల్లేదు. బయట ఆటోలు పోతున్నాయి, సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ మొదలైంది. జహీరా బీ కొంగు తల మీదికి లాక్కుని, పెదాలు కదుపుతూ ఏదో దువా చేసుకుంది. అజాన్ అయిపోయాక చాలాసేపటికి చేప మెల్లగా మూలలోంచి బయటికొచ్చింది. నాచు చుట్టూ తిరిగింది. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చి ఒక అంచు కొరికింది.

"తినింది! తినిందే పిల్లా!" జహీరా బీ కోడలి భుజం పట్టుకుని ఊపేసింది. "ఏమయ్యో! ఫిరోజూ! రాండి, తింటాంది!" అరుస్తూ అరుస్తూనే భోరుమంది. "చంపేస్తాంటి కదే దీన్ని. నా చేత్తో నేనే..."

"బతికింది లే అత్తా."

"ఆ డాక్టరును రమ్మను. ఈ తొట్టి ఈన్నుంచి ఎవడు కదిలిస్తాడో నేనూ సూస్తా." పొద్దున తొట్టిని కదిలించమన్నది ఎవరో గుర్తు చేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ముక్కు చీదుకుని ఆమె కోడలి మొహం చూసింది. "నువ్వు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు గూడా తాగలేదు. లెయ్. పండగ మేక మెదడు నీకే దాచిపెట్టినా. ఏపుడు చేస్తా."

రుక్సార్ తల దించుకుంది. "నాకు మెదడు పడదత్తా."

"ఏంది?"

"వాసనకే కడుపులో తిప్పుతాది. వచ్చినప్పటి నుంచి నీళ్లతో మింగుతాండా."

జహీరా బీ నోరు తెరిచింది. కొత్త కోడలని, ఇంటికి తెచ్చిన ప్రతిసారీ మెదడు తాను నోరు కట్టుకుని ఆ పిల్ల కంచంలోనే వేసింది. ఆ పిల్ల బక్కచిక్కుతుంటే ఇంకాస్త వేసింది.

"వద్దని ఒక్క మాట సెప్పలేకపోయినావా? పొద్దున నా మీద లేసిన నోరు అప్పుడు యాడ పోయింది?"

"పొద్దున చేప కోసం లేసింది." రుక్సార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కోసం ఎట్ల లేపాలో తెలీలేదు."

జహీరా బీ ఇన్నేళ్లుగా ఎంతమందికి వడ్డించింది! తింటారా అని కూడా ఒక్కరిని అడిగిన పాపాన పోలేదు. కోడలి తల దగ్గరకు లాక్కుని గుండెకు ఆనించుకుంది.

"లేపాల. నా మీదైనా సరే, లేపాల. ఇప్పుడు సెప్పు, నీకేం కావాల?"

"జొన్నరొట్టె" అంది రుక్సార్ వెక్కిళ్ల మధ్య. "శెనక్కాయల పొడి."

"అంతేనా?"

"అంతే."

జహీరా బీ వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. పిండి డబ్బా మూత తీసి, అక్కడి నుంచే గట్టిగా కేకేసింది.

"ఏడ్సింది సాలు గానీ, రొట్టె మెత్తగా కావాల్నా, కరకర కావాల్నా?"