చేతులు మరిగిన పిల్లాడు

వడ్రంగి ఇంట్లో ఆ సాయంత్రం అంతా మామూలుగానే ఉంది. బయట ముసురు. లోపల కొత్త చెక్క వాసన, దానితో కలిసిన పాల వాసన. పసివాడి మంచం అతనే చేశాడు. ఒక్క పేడు కూడా గుచ్చుకోకూడదని గరుకు కాగితంతో చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాడు. అందులో పడుకున్న కొడుకును మాత్రం ఇంతవరకూ సరిగా ఎత్తుకున్నది లేదు.

కాన్పు తరవాత భార్య కుట్టు దుకాణానికి మళ్లీ వెళ్తున్న మొదటి రోజది. గొడుగు విప్పుతూ నవ్వింది.

"కుర్చీలకు కాళ్లు తగిలించే మొనగాడివి. కాళ్లున్నవాణ్ణి పట్టుకోడానికి వణుకుతావేం?"

"జారిపోతాడేమోనని..."

"వాడేమన్నా చేపపిల్లా? ఏడిస్తే ఎత్తుకో. అంతకన్నా విద్య లేదు."

ఆ విద్యే అతనికి రాదు. పెరిగింది అనాథాశ్రమంలో. వరసగా ఇనప మంచాలు, ఎప్పుడూ ఫినాయిల్ వాసన, అందరికీ ఒకే ఒక్క ఆయా. పిల్లలు ఆమెను పెద్దక్క అనేవాళ్లు. ఆమె ఎవరినీ ఎత్తుకునేది కాదు. పాత తువ్వాలు చుట్ట చుట్టి, చివర ముడేసి, చెంప పక్కన దోపి, దాని మీద పాలసీసా ఆనించేది. మొహం గోడవైపు తిప్పేది. "చేతులు మరిగితే దిగరు. ఏడ్చి ఏడ్చి వాళ్లే ఊరుకుంటారు" అనేది. ఊరుకునేవాళ్లు. కొందరు మరీ ఊరుకునేవాళ్లు. తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ.

పెద్దక్క పోయి చాలా ఏళ్లయింది.

చీకటి పడుతుండగా కరెంటు పోయింది. పిల్లాడు గుక్కపట్టాడు. అతని చేతులు ముందుకెళ్లి గాల్లోనే ఆగిపోయాయి. చివరికి వాటికి తెలిసిన పనే చేశాయి. తువ్వాలు చుట్టాయి. ముడేశాయి. సీసా ఆనించి, ఆ చిన్న మొహాన్ని గోడవైపు తిప్పాయి.

ఏడుపు ఆగింది. హమ్మయ్య అనుకుని కొవ్వొత్తి కోసం వంటగదిలోకి వెళ్లాడు. అగ్గిపుల్ల గీస్తుంటే గుప్పున ఫినాయిల్ వాసన కొట్టింది. వాళ్లింట్లో ఫినాయిల్ లేదు.

గదిలో తడి చెప్పుల చప్పుడు... ఈడ్చుకుంటూ... మంచం దగ్గర ఆగింది.

"మరిచిపోలేదన్నమాట..." గుసగుస. "మంచి పిల్లాడివి."

అగ్గిపుల్ల ఆరిపోయింది.

"పెద్దక్కా... వాడు నా కొడుకు."

"ఎవరి కొడుకైతేనేం... ఊరుకుంటాడు."

పిల్లాడు పాలు మింగుతున్న చప్పుడు. గుటక... గుటక... తరవాత అదీ లేదు.

తడుముకుంటూ పరిగెత్తాడు. చెయ్యి తగిలి సీసా నేల మీద భళ్లుమంది. పిల్లాణ్ణి రెండు చేతులా లాగి గుండెకు అదుముకున్నాడు. చల్లగా ఉన్నాడు. కదలడు.

"ఏడువు నాన్నా... ఏడువు... ఎత్తుకున్నానుగా..."

చిన్న వెక్కు. ఆ వెనకే ఇల్లు ఎగిరిపోయేంత ఏడుపు. అంత కమ్మని చప్పుడు అతను పుట్టి ఎరగడు.

కరెంటు వచ్చేసరికి భార్య గుమ్మంలో గొడుగు దులుపుతోంది. చూసి మురిసిపోయింది.

"ఎత్తుకున్నావే! చేతులు మరిగాడంటే ఇక దిగడు, చూసుకో."

అతను నవ్వలేదు. "దించను" అన్నాడు.

ఆమె చీర మార్చుకోడానికి తమ గదిలోకి వెళ్లింది.

"ఇదేంటి, పాలసీసా తెచ్చి నీ దిండు పక్కన పెట్టావేం?"

అతను కాళ్ల దగ్గర చూశాడు. వాళ్లింట్లో ఉన్న ఒక్క సీసా ముక్కలై నేల మీదే ఉంది.

కొడుకును వదలకుండా గుమ్మం దాకా వెళ్లాడు. అతని దిండు పక్కన, గోడవైపు, చుట్ట చుట్టిన పాత తువ్వాలు. చివర ముడి. దాని మీద ఆనించిన సీసా.

ఆమె ముట్టుకుని చూసింది.

"పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి."