మా ఊరి మంటా, పక్కూరి పిల్లా

చెట్టు మొదలు మా బ్రార్ చేతిలో ఉంది. కొస నేబెల్ పిల్ల కెరిన్ చేతిలో ఉంది. ఇద్దరిలో ఒక్కరూ వదలడం లేదు.

జనవరి నెల. పండగ అయిపోయిన క్రిస్మస్ చెట్లను ఇంటింటికీ తిరిగి పోగుచేసే రోజులు. ఫిబ్రవరి ఇరవై ఒకటిన మా ఆమ్రుమ్ దీవిలో ప్రతి ఊరూ చలికాలాన్ని సాగనంపే తన బీకె మంట వేసుకుంటుంది. ఎవరి మంట పెద్దదైతే ఏడాదంతా వాళ్ళదే పైచెయ్యి. అందుకే మా నోర్‌డోర్ఫ్ కుర్రాళ్ళకీ, పక్కనున్న నేబెల్ వాళ్ళకీ ఆ నెలలో ఎండిన చెట్టు కనబడితే ఒళ్ళు తెలియదు. ఈ చెట్టేమో సరిగ్గా రెండూళ్ళ మధ్యనున్న ఇంటిది. ఇంటావిడ గుమ్మంలో నిలబడి, మీరూ మీరూ తేల్చుకోండి అని చోద్యం చూస్తోంది.

"ముందు పట్టుకుంది నేను," అన్నాడు బ్రార్.

"పట్టుకుంటే సరిపోతుందా? లాగాలి," అంది కెరిన్. "నోర్‌డోర్ఫ్‌లో పొద్దున్న ఎవరూ తిండి పెట్టలేదా ఏంటి?"

వాడికి పౌరుషం పొడుచుకొచ్చి ఒక్క గుంజు గుంజాడు. చెట్టు వచ్చింది. ఆకంతా కిందికి రాలిపోయి, వాడి చేతిలో వట్టి కర్ర మిగిలింది. ఆ పిల్ల చేతులు దులుపుకుని, ఇంటికి తీసుకెళ్ళి దీపాలు పెట్టుకో అని చెప్పి వెళ్ళిపోయింది.

బ్రార్ మా అన్నయ్య కొడుకు. వేసవంతా బీచిలో పేము గూడు కుర్చీలు అద్దెకిస్తాడు, చలికాలమంతా వాటిని నా లాడ్జి వెనక షెడ్డులో పెట్టుకుని బాగుచేస్తాడు. ఆ సాయంత్రం నా వంటింట్లో కూర్చుని ఆ పిల్ల పొగరు గురించి చెప్పిందే చెప్పాడు. జడ గురించి కూడా చెప్పాడు. ఒరేయ్, పొగరుకీ జడకీ సంబంధం ఏమిట్రా అని అడిగితే చెవులు ఎర్రబడ్డాయి.

నా లాడ్జి రెల్లు కప్పు కారుతోంది. కెరిన్ వాళ్ళ నాన్న కప్పులు నేస్తాడు. ఆయనకి మోకాలు నొప్పి, ఇప్పుడు నిచ్చెన ఎక్కేది కూతురే. కబురు పెడితే వచ్చింది. మేనత్త గొండెల్ కావాలనే పిలిపించిందని నా గురించి ఊళ్ళో అనుకున్నారు. అనుకోనివ్వండి. కప్పు కారుతుంటే మిఠాయి కొట్టువాణ్ణి పిలుస్తానా?

ఇక చూడాలి నా పెరడు. పైనుంచి పాత రెల్లు పడేది, కింద వాడు కొత్తగా రంగు వేసిన కుర్చీల మీదే పడేది. వాడు తలెత్తి అరిచేవాడు. గాలి అటు వీస్తోంది, నన్నేం చెయ్యమంటావని ఆమె జవాబు. మా ఊళ్ళో గాలి రోజూ ఒకవైపు నుంచే వీస్తుంది, అది షెడ్డు వైపు కాదు. ఒకరోజు ఉన్నట్టుండి వాన దంచి కొడితే నిచ్చెన దిగి షెడ్డులోకి పరిగెత్తింది. మా గూడు కుర్చీలో ఇద్దరికే చోటు, అదీ ఇరుక్కుని కూర్చుంటే. వాన వెలిసింది. ఆ సంగతి వాళ్ళకి తెలియలేదు. నేను టీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తెచ్చుకుని తాగేశాను.

ఇంతలో బీకె రోజు రానే వచ్చింది.

మంట వెయ్యడం కన్నా మంటని కాపాడటం పెద్ద పని. పక్క ఊరి కుర్రాళ్ళు దొంగతనంగా వచ్చి ముందే అంటించేస్తారు, అలా అంటుకున్న ఊరు తల ఎత్తుకోలేదు. నిరుడు మాకు అదే జరిగింది. పొద్దుగూకాక దివిటీలు పట్టుకుని వెళితే అక్కడ బూడిద ఉంది. ఈసారి అలా జరగనివ్వనని ఊరందరి ముందూ మాట ఇచ్చి కాపలా బాధ్యత తీసుకున్నాడు బ్రార్. బీచిలో ఇంటి ఎత్తున చెట్లు పేర్చి, ముందు రాత్రి నుంచి మధ్యాహ్నం దాకా కంటి మీద కునుకు లేకుండా కాశాడు.

అప్పుడు ఫోన్ మోగింది. కెరిన్. రెల్లు మోపులతో వస్తుంటే ట్రాక్టరు నుంచి ట్రక్కు ఊడి దారికడ్డంగా ఒరిగిపోయిందట, ఒక్కదాని వల్ల కావడం లేదట, రాగలవా అని అడిగింది. ఇద్దరు స్నేహితులకి కాపలా అప్పజెప్పి పరిగెత్తాడు. ఆ మహానుభావులిద్దరూ చలిగాలి తట్టుకోలేక ఇసుకదిబ్బ చాటుకి చేరారు.

ట్రక్కుని లేపి తగిలించి నడుం ఎత్తేసరికి మా బీచి మీద పొగ. నల్లగా, లావుగా, ఆకాశమంత. బ్రార్ ఒక్క పరుగున వెనక్కి వచ్చాడు. కెరిన్ వెనకనుంచి ఏదో చెప్పబోయింది, గాలిలో వినపడలేదు.

వచ్చేసరికి ఏముంది, అంతా అయిపోయింది. కుప్ప సగానికి కుంగి చిటపటలాడుతోంది. ఊరంతా అక్కడే. మా అగ్నిమాపక దళం పెద్ద తోనిస్ బాబాయి వాణ్ణి చూడగానే మొదలుపెట్టాడు. ఆడపిల్ల వేలు చూపిస్తే పరిగెత్తావు, ఆమె నిన్ను అక్కడ ఆడిస్తుంటే వాళ్ళ తమ్ముడు మెల్ఫ్ ఇక్కడ అంటించి పోయాడు, ఇంత తేలిగ్గా ఎలా పడ్డావురా అన్నాడు. అందరూ తలలూపారు. నిజం చెప్పొద్దూ, ఆ షెడ్డూ, ఆ వానా అంతా నాటకమేనా అని నాకూ అనిపించింది.

"ఆమెకి తెలియదు," అన్నాడు బ్రార్.

"రుజువేంటి?"

"రుజువు లేదు బాబాయ్. ఆమె నన్ను మోసం చెయ్యదు, అంతే. తెలిసిన వెంటనే వస్తుంది కూడా."

ఫక్కున నవ్వారు. వస్తుంది, బూడిద చూసి నవ్వుకోవడానికి వస్తుంది అన్నారెవరో. వాడు షెడ్డుకి వెళ్ళి, ఇక బాగుపడవనుకున్న గూడు కుర్చీలన్నీ తోపుడుబండి మీద వేసుకొచ్చి, కాలిన చోటికి దూరంగా కొత్త కుప్ప మొదలుపెట్టాడు. నేను విరిగిన మంచమొకటి ఇచ్చాను. ఎవరెవరో పాత కంచె కర్రలు తెచ్చారు. అన్నీ కలిపినా మోకాలెత్తు లేదు. పొద్దు సముద్రం వైపు దిగిపోతోంది. వాడు ఒక్కో కర్ర పెట్టడం, నేబెల్ దారి వైపు చూడటం. మంట లేకపోతే ఊరు తిడుతుంది, నాలుగు రోజుల్లో మరిచిపోతుంది. ఆ పిల్ల రాకపోతే వీడు ఏమైపోతాడోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు ట్రాక్టరు చప్పుడు.

ఊరు ఊరంతా దిబ్బ ఎక్కేశాం. ట్రక్కులో రెల్లు లేదు. చెట్లు. క్రిస్మస్ చెట్లు, కొండలా. పైన తాళ్ళు కూడా సరిగ్గా కట్టలేదు, గతుకు గతుకుకీ ఒకటి జారిపోతోంది. జడ ఊడిపోయి జుట్టంతా మొహం మీద పడుతుంటే ఒక చేత్తో తోసుకుంటూ కెరిన్ నడుపుతోంది. నేను కూడా కుర్రదానిలా చేతులూపి కేకలు పెట్టానట. ఏమో, నాకు గుర్తులేదు.

దిగింది. బ్రార్ మొహం వైపు చూడలేదు. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"నాకు తెలియదు. నువ్వు నమ్మకపోయినా నేనేం అనను, నీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను. ఇవి మా ఊరి చెట్లు, సగం తెచ్చాను. దింపుకోండి, వెళ్ళిపోతా."

"ఇంత ఆలస్యమా?" అన్నాడు బ్రార్. "ఎప్పట్నుంచి చూస్తున్నానో తెలుసా? పొద్దుపోతోంది, ఆ పక్క పట్టు."

ఆ పిల్ల అలాగే నిలబడిపోయింది. తిట్లకి సిద్ధపడి వచ్చాను, దీనికి కాదు అన్నట్టుంది ఆ మొహం. కళ్ళనిండా నీళ్ళు. తోనిస్ బాబాయి గొంతు సవరించుకుని సముద్రం వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే సైకిలు మీద రొప్పుతూ మెల్ఫ్ ఊడిపడ్డాడు. మా చెట్లు మా చెట్లు అని గోల. సొంత ఊరి కుప్ప దోచి పరాయి ఊరికి పెడతావా అక్కా అని అడిగాడు.

"ట్రక్కు పిన్ను నువ్వే వదులు చేశావా, లేదా?"

"చేశాను. అయితే ఏంటి?"

"నేను వీళ్ళ కాపలా వాణ్ణే పిలుస్తానని నీకెలా తెలుసురా?"

మెల్ఫ్‌కి నిజంగానే ఆశ్చర్యమేసింది. "అదేం ప్రశ్న? ఇంట్లో నాన్న ఉన్నాడు, నేనున్నాను, వీధినిండా ట్రాక్టర్లున్నాయి. అయినా నువ్వు బ్రార్‌గాడికే ఫోన్ చేస్తావు. వాన వచ్చినా వాడి మాటే, పులుసులో ఉప్పెక్కువైనా వాడి మాటే. నన్ను నిద్రలేపి అడిగినా చెప్పేవాణ్ణి."

అంతే. కెరిన్ మెడ దగ్గర మొదలైన ఎరుపు నుదురు దాకా ఎక్కింది. తమ్ముణ్ణి చంపేదే, కానీ వంగి పాత కుప్పలోంచి గుప్పెడు మసి తీసుకుంది. బీకె రోజు ఎవరి మొహానికైనా మసి పూయొచ్చు, కోపగించుకోకూడదు. తిన్నగా వెళ్ళి బ్రార్ రెండు చెంపలకీ పట్టించింది.

"నీకు నోరు లేదా? నా సంగతి మా తమ్ముడి చేత చెప్పించుకుంటావా ఇంతమందిలో?"

"నువ్వంటే నాకు ప్రాణం కెరిన్," అన్నాడు వాడు, మసి మొహంతోనే. "ఇదిగో, ఇంతమందిలోనే చెప్తున్నా. పెళ్ళి చేసుకుందాం."

"మరి మా ఊరివాళ్ళు ఏమంటారు?"

అందరం మెల్ఫ్ వైపు తిరిగాం. పాపం, ఒంటరిగా వచ్చాడు, చుట్టూ నోర్‌డోర్ఫ్. అక్కని చూశాడు. బ్రార్ చెంపల మీద ఆమె వేళ్ళ గుర్తులు చూశాడు. సైకిలు ఇసుకలో పడేసి, చేతులు పైకి మడిచి, ట్రక్కులోంచి అన్నిటికన్నా పెద్ద చెట్టు మొదలు పట్టుకున్నాడు.

"చూస్తావేంటి బావా?" అన్నాడు. "ఆ కొస పట్టు."