తొట్టి అడుగు దుమ్ము

పొద్దున్నే కాఫీ గొంతు దిగకముందే ఆయన చేతిలో చీపురు ఉండాలి. ముందు వాకిలి, తర్వాత షెడ్డుకు పోయే దారి, తర్వాత షెడ్డు గుమ్మం, ఆఖరికి కోళ్ళ మేత తొట్లు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. పనివాళ్ళు చాటుగా ఆయన్ని చీపురాయన అనేవారు. ఆ పేరు చెవిన పడ్డాక ఆయన కోప్పడలేదు సరికదా, మర్నాడే కొత్త చీపురు కొని తెచ్చాడు.

షెడ్డులో వెయ్యి పెట్టపిల్లలు. ఇంకా గుడ్డుకు రాని వయసు, నిన్నటికి పది వారాలు నిండాయి. ఆయన లోపలికి అడుగుపెట్టగానే వెయ్యి మెడలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. తొట్ల అడుగున రాత్రి మిగిలిన మేత మెత్తటి పొడిలా పేరుకుని ఉంది. కోళ్ళు ముక్కుకు దొరికే నూకలన్నీ ఏరుకుని, ఈ పొడిని మాత్రం వదిలేస్తాయి. దాని మీదే కొత్త మేత పోయడమంటే ఆయన దృష్టిలో కడగని కంచంలో మళ్ళీ భోజనం వడ్డించడమే. తొట్లన్నీ శుభ్రంగా ఊడ్చి, పొడినంతా ఒక రేకు డబ్బాలోకి ఎత్తి, పెరటి వైపు నడిచాడు.

పెరట్లో ఇనపవల చుట్టిన చిన్న గూడు ముందు ఆయన తల్లి పీట వేసుకుని కూర్చుని ఉంది. మూడో వారంలో, బతికేలా లేవని మంద నుంచి వేరు చేసిన ఏడు బక్కపిల్లల్ని ఆ ముసలావిడ తెచ్చి పెంచుకుంటోంది.

"తెచ్చావా?"

"తెచ్చా. తూకానికి చెప్పకు."

"నాకేం పని. అయినా దుమ్మేగా."

"దుమ్మే. కానీ దాని సంగతి తెలుసుగా. గ్రాము కదిలితే గంట ఉపన్యాసం."

తూకం అంటే ఆయన కూతురు. చిన్నప్పుడు ఇంట్లో త్రాసు కనిపిస్తే చాలు, చెప్పులు, పిల్లి, నాయనమ్మ కళ్ళజోడు, ఏదీ వదలకుండా తూచేది. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. పెద్దదై కోళ్ళ మేత గురించే చదివి, చదువు ముగియగానే పెట్టె సర్దుకుని తిన్నగా ఇంటికొచ్చి, "షెడ్డు నేను చూసుకుంటా నాన్నా" అంది.

ఆయనకు అది మింగుడుపడలేదు. పెళ్ళి కాకముందు ఒకరోజు ఏదో ఆఫీసు గదిలో బెంచీ ఖాళీ లేక కుర్చీలో కూర్చుంటే, ఆయన ఒంటికి పట్టిన కోళ్ళ ఘాటుకు పక్కనున్న పెద్దమనిషి ఒక్క మాట అనకుండా తన కుర్చీని అవతలికి జరుపుకున్నాడు. జానెడు దూరం, అంతే. ఆ జానెడు దూరాన్ని ఆయన ఇప్పటిదాకా ఊడుస్తూనే ఉన్నాడు. రోజుకు రెండు స్నానాలు, ఉతికిన చొక్కా, ఎప్పుడూ చీపురు. అయినా షెడ్డు ఘాటు షెడ్డు ఘాటే. కూతురు పక్కన ఎవరూ కుర్చీ జరుపుకోకూడదు. పట్నంలో మేత తయారుచేసే కంపెనీ వాళ్ళు, అద్దాల గదిలో కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తామని ఉత్తరం పంపారు. అది చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది.

కూతురు మాత్రం మొండికేసింది. చివరికి భోజనాల బల్ల దగ్గర ఒప్పందం కుదిరింది. ఈ ఒక్క విడత తన పద్ధతిలో మేపుతుంది. పదో వారానికి సగటున ఎనిమిది వందల గ్రాములు తూగితే షెడ్డు ఆమెది. తూగకపోతే ఉద్యోగంలో చేరుతుంది.

"ఏమిటే అంత కొత్త పద్ధతి?" అని ఆరోజే నాయనమ్మ అడిగింది.

"మేతలో కలిపే సోయా చెక్క బాగా తగ్గిస్తా నాయనమ్మా. కోడి ఒళ్ళు పెరగడానికి మాంసకృత్తులు కావాలి కదా, వాటిని కట్టే చిన్న చిన్న ముక్కల్ని అమైనో ఆమ్లాలంటారు. అందులో ఒక్కటి తక్కువైనా మిగతావన్నీ దండగే. నీ దగ్గర పది చొక్కాలకు సరిపడా గుడ్డ ఉంది, గుండీలు మాత్రం నాలుగింటికే ఉన్నాయి. ఎన్ని చొక్కాలు తొడుక్కోవచ్చు?"

"పదీ తొడుక్కోవచ్చు, సిగ్గు లేకపోతే."

అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ఆ పిల్ల అంది: "మనం ఇన్నాళ్ళూ గుండీలు చాలక, ఇంకా ఇంకా గుడ్డ కొంటున్నాం. నేను గుడ్డ తగ్గించి గుండీలే విడిగా కలుపుతా. లైసిన్, మిథియోనిన్ అని దొరుకుతాయి."

ఆయన ఆ మాటలు సగమే విన్నాడు. ఓడిపోతుందిలే, పోయి సుఖంగా ఉంటుందిలే అనుకున్నాడు. కానీ వారాలు గడిచేకొద్దీ ఒక సంగతి ఆయన్ని తికమక పెట్టింది. షెడ్డులో కోళ్ళ కింద పరిచిన ఊకపొట్టు పొడిగా ఉంటోంది. కళ్ళు మండటం లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఊడ్చినందువల్లే అనుకుని తన చీపురుకే మార్కులు వేసుకున్నాడు.

ఇవాళ తూకం రోజు. ఎనిమిది కొట్టేసరికి కూతురు వేలాడే త్రాసు దూలానికి తగిలించింది. ఆయన పెట్టల్ని ఒక్కొక్కటిగా పట్టి అందిస్తుంటే ఆమె తూచి అంకె చెబుతోంది, ఆయన భార్య పుస్తకంలో రాస్తోంది. నాయనమ్మ పీటతో సహా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏడు వందల పది."

"ఆరు వందల తొంభై."

"ఏడు వందల ఇరవై."

వంద పెట్టల్ని తూచారు. యాభయ్యోది దాటేసరికి కూతురి గొంతు సన్నబడింది. భార్య లెక్క కట్టి, పెన్ను మూత పెట్టి, అంకె పైకి చదవకుండా పుస్తకం తిప్పి చూపించింది. ఏడు వందల నాలుగు.

"సరే," అన్నాడాయన చేతులు దులుపుకుంటూ. "ఉత్తరానికి జవాబు రాసెయ్."

"ఎక్కడో ఏదో తప్పింది నాన్నా. మేత తప్పు కాదు. నేను పది సార్లు లెక్క చూశాను."

"నీ లెక్క బాగానే ఉంటుంది. పుస్తకమూ బాగానే ఉంటుంది. కోళ్ళే చదువుకోలేదు."

ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది. పిల్ల తల దించుకుని త్రాసు విప్పబోయింది. భార్య పుస్తకాన్ని టపీమని మూసింది.

"మీకు సంతోషంగా ఉందా?"

"నాకెందుకు సంతోషం?"

"మరి ఆ మొహం ఏమిటి? పది వారాలు ఆ పిల్ల తిండి సరిగ్గా తినలేదు. మీ పెట్టలకన్నా ముందు అదే చిక్కిపోయింది. ఓదార్పుగా ఒక్క మాట అనడానికి నోరు రాదు, ఎత్తిపొడవడానికి మాత్రం వస్తుంది."

"దాని మంచికే అంటున్నా. అద్దాల గది వదిలేసి ఈ కంపులో..."

"కంపెక్కడుంది నాన్నా?"

కూతురు అరవలేదు. త్రాసు చేతిలో పట్టుకుని నెమ్మదిగానే అంది. "ఒకసారి గాలి పీల్చి చూడండి. ఎక్కువైన సోయా కోడి ఒంటికి పట్టదు. రెట్టలోంచి బయటికి పోతుంది, ఆ తడిలోంచే ఘాటు పుడుతుంది. మీరు రోజుకు రెండుసార్లు ఒళ్ళు రుద్దుకోవడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా. బంధువులొస్తే మీరు చివరి కుర్చీలోనే కూర్చుంటారు. అది పోగొడదామనే ఈ చదువు చదివాను. గ్రాముల కోసమే అయితే పట్నంలోనే ఉండిపోయేదాన్ని."

ఆ కుర్చీ సంగతి భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోయినా పిల్ల చూస్తూనే పెరిగిందన్నమాట.

నాయనమ్మ పీట కిర్రుమంది. "అందర్నీ తూచారు కదా, మావాళ్ళేం పాపం చేశారు? వాళ్ళనీ తూచండి."

"ఇప్పుడా నాయనమ్మా?"

"ఇప్పుడే. నా పిల్లలూ ఈ విడతవాళ్ళే. తేరగా వచ్చినవాళ్ళు కాదు."

కాదంటే ఆవిడ సాయంత్రందాకా సాధిస్తుంది. కూతురు విసుగ్గా పెరట్లోకి వెళ్ళి ఒక పెట్టను చంకన పెట్టుకొచ్చింది. వస్తూ వస్తూనే దాన్ని రెండుసార్లు తడిమి చూసింది. త్రాసుకు తగిలించింది. ముల్లు వైపు చూసి, త్రాసును వేలితో తట్టి, మళ్ళీ చూసింది.

"ఎనిమిది వందల డెబ్భై."

ఇంకొకటి తెచ్చింది. ఎనిమిది వందల నలభై. మూడోది ఎనిమిది వందల తొంభై. ఏడుకు ఏడూ ఎనిమిది వందలు దాటాయి. బతకవని పక్కన పెట్టిన బక్కపిల్లలు త్రాసు దిగి దర్జాగా రెక్కలు సర్దుకుంటున్నాయి.

"నాయనమ్మా, వీటికేం పెడుతున్నావు?"

ముసలావిడ ఒక్క క్షణం కొడుకు వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. "ఏముంది, ఇంట్లో మిగిలిన గింజలు. నా చేతి చలవ."

"ఉత్త గింజలకు ఈ బరువు రాదు. గింజల్లో గుండీలుండవు."

గుండీలు. ఆ మాట వినగానే ఆయన కళ్ళ ముందు రేకు డబ్బా మెదిలింది. కూతురు కలిపే ఆ లైసిన్, ఆ మిథియోనిన్ ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. సంచి విప్పినప్పుడు చూశాడు. ఇసుక కన్నా మెత్తటి పొడి. మేతలో కలిపితే జారి జారి తొట్టి అడుక్కి చేరే పొడి. పాత మేతలో సోయా దండిగా ఉండేది కాబట్టి ఆ దుమ్ము తీసి పారేసినా కోళ్ళకు పెద్ద తేడా తెలియలేదు. ఈ మేతలో ప్రాణమంతా ఆ దుమ్ములోనే ఉంది. రోజూ పొద్దున్నే, చీపురుతో, శుభ్రంగా.

ముసలావిడ తనను కాచింది. ఇప్పుడు తను నోరు మెదపకపోతే సరిపోతుంది. కూతురు పట్నం వెళ్తుంది, అద్దాల గదిలో కూర్చుంటుంది. ఆయన కోరుకున్నదీ అదే. కూతురు ఏడో పెట్టను ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది. నమ్మలేనట్టు దాని ఈకలు విడదీసి చూస్తోంది. ఆరేళ్ళ వయసులో పిల్లిని తూచినప్పుడూ ఇదే మొహం.

"గింజలు కాదమ్మా," అన్నాడాయన. "తొట్టి అడుగు దుమ్ము."

"ఏ దుమ్ము?"

"రోజూ పొద్దున్నే నువ్వు షెడ్డుకు రాకముందే నేను ఊడ్చేది. డబ్బాకెత్తి నాయనమ్మకిస్తున్నా. నీతో చెప్పొద్దని నేనే అన్నా." కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీ గుండీలన్నీ నేనే ఊడ్చేశాను తల్లీ."

కూతురు ఆయన మొహంలోకి చూసింది. నాయనమ్మ వైపు చూసింది. పెరట్లోని గూడు వైపు చూసింది. పది వారాలుగా తెల్లవార్లూ కట్టిన లెక్కలన్నీ కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, అవి జారేలోపే నవ్వు వచ్చింది. ఒళ్ళో పెట్ట బెదిరి దూకేదాకా నవ్వింది.

"వెయ్యింటి గుండీలు ఏడింటికి తొడిగారా నాన్నా?"

"అందుకే అవి అంత సోకుగా ఉన్నాయి," అంది నాయనమ్మ. "నా చేతి చలవ కూడా కాస్త ఉందిలే."

భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం పక్కనున్న ఆయన చీపురు తీసుకుంది. "ఇక ఇది నా దగ్గరుంటుంది. వాకిలికి ఇస్తా, తొట్లకివ్వను."

"మాట ప్రకారం..." అని ఆయన మొదలుపెట్టాడు.

"మాట ప్రకారం ఓడిపోయింది మీరు," అంది ఆవిడ.

ఆ రోజు నుంచి ఆయనకు కొత్త పని పడింది, ఏమీ చేయకపోవడం. మధ్యాహ్నం పూట కొత్త మేత పోయకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, పెట్టలు తొట్టి అడుగు దాకా పొడుచుకు తినే వరకు నిలబడి చూడాలి. మొదట్లో వేళ్ళు దురదపెట్టేవి. నాలుగు రోజులు పోయాక, పెట్టలు తొట్టిని తనకన్నా శుభ్రంగా ఊడుస్తున్నాయని ఆయనే ఒప్పుకున్నాడు. వారం వారం ముల్లు పైకి జరిగింది. పదహారో వారానికి మంద లోటంతా పూడ్చుకుంది. నాయనమ్మ ఏడుగురూ మాత్రం ఎవరికీ అందలేదు.

ఉద్యోగం వద్దన్న పిల్లను చూసిపోదామని కంపెనీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. షెడ్డు ముందు చెట్టు నీడలో కుర్చీలు వేశారు. ఆయన అలవాటు కొద్దీ చివరి కుర్చీ వైపు నడుస్తుంటే, కూతురు మోచెయ్యి పట్టుకుని ఆవిడ పక్కన కూర్చోబెట్టింది. స్నానం ఒక్కటే చేశానే అని ఆయన లోపల కంగారుపడ్డాడు.

పెద్దావిడ షెడ్డు వైపు చూసి, గాలి పీల్చి, "కోళ్ళు ఉన్నాయా లోపల, ఖాళీగా ఉందా?" అనడిగింది.

"వెయ్యి ఉన్నాయండీ," అన్నాడాయన.

"ఎలా సాధించారో కాస్త వివరంగా చెప్పండి," అని ఆవిడ తన కుర్చీ జరిపింది. ఆయన చూపు ఆ కుర్చీ కాళ్ళ మీద పడింది.

కుర్చీ ఇటువైపే జరిగింది, జానెడు దగ్గరగా.

ఆయన కూతురి వైపు చూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, ఈసారి ఘాటువల్ల కాదు. "గుండీల కథండీ," అని మొదలుపెట్టాడు, "ముందు మా అమ్మాయి ఎలా ఓడిపోయిందో చెప్పాలి."

"ఓడిపోయింది నువ్వురా," అని పెరట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.