రెండు రొట్టెలు ఎక్కువ

శ్రావణమాసం మూడో సోమవారం. ఆదోని హరిజనవాడలో అంజినమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు తడుతోంది. ఆమె మొగుడు ఆదెప్ప గుమ్మంలో కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. మామూలు రోజుల్లో అతను పత్తి మండీలో బోరాలు మోస్తాడు. తిరునాళ్లకు కబడ్డీ ఆడతాడు. తనకంటూ ఒక జట్టు లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల బనియన్ వేసుకుంటాడు. పంతొమ్మిదివందల డెబ్బైలో మొదలుపెట్టి ఈ పన్నెండేళ్లలో ఎమ్మిగనూరు నుంచి మద్దికెర దాకా ఎన్ని బనియన్లు మార్చాడో అతనికే గుర్తులేదు. కూత పెట్టి వచ్చినవాడి చీలమండ ఆదెప్ప చేతికి చిక్కిందా, ఇక వాడు గీత దాటడు.

ఆ రోజు ఉరుకుంద జాతరలో ఆట. పెద్దకడుబూరు అవతలి పల్లె నుంచి ఆసామి బసప్ప కబురు పెట్టాడు. పదేళ్ల కూతురు హులిగమ్మ తానూ వస్తానని పట్టు పట్టింది. పిల్ల తప్పేముంది? ఆట అయ్యాక ఆసామి పక్కన కూర్చోబెట్టుకుంటాడని, మాంసం కూర కొసరి కొసరి వడ్డిస్తారని ఆదెప్ప చెప్పే కథలు వింటూనే పెరిగింది. ఆ వైభోగం కళ్లారా చూడాలనుకుంది.

ఎండ అన్నాడు ఆదెప్ప. బస్సు నిండా జనం అన్నాడు. ఆఖరికి కసిరాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అంజినమ్మ మాత్రం తల ఎత్తకుండా రొట్టెలు తడుతూనే ఉంది. అదే అతని ఒళ్లు మండించింది.

“నా ఆటంటే నీకెప్పుడూ సులకనే. పన్నెండేండ్లల్లో ఒక్కసారన్నా వచ్చి సూసినావా?”

ఆమె పెనం మీద రొట్టె తిప్పింది. “నీ ఆటను కాదు, నీ కూటిని సూడల్యాక రాల్యా.”

“కూటికేమి? ఆసామి ఇంట్లో...”

“మాంసం కూర తిన్నోడు ఇంటికొచ్చి రెండు రొట్టెలు యాడ తింటాడు? నువ్వు ఆటకు పోయిన దినమల్లా రెండు ఎక్కువ జేసి గుడ్డలో సుట్టి పెడతాండా. ఎప్పుడన్నా మిగిల్నాయా?”

అవి ఎప్పుడూ మిగల్లేదు. గెలిచిన జట్టు ఆదెప్పను భుజాల మీద తిప్పుతుంది. దించాక గొడ్ల సావిడి పక్కన వేరే ఆకు వేస్తుంది. ఎత్తు నుంచి విదిలించినట్టు వడ్డిస్తారు. సగంలోనే లేచి చెయ్యి కడుక్కుంటాడు. ఆ సగం ఆకలి ఆమెకు తెలుసు. తెలిసే, అతని కథలన్నిటికీ ఊ కొట్టింది. ఆకు ముందు తనను చూస్తే అతను చిన్నబోతాడని ఏ ఆటకూ రాలేదు. ఇన్నేళ్లూ దాన్ని చులకన అనుకున్నాడు తను.

హులిగమ్మ ముక్కు తుడుచుకుంది. “ఆట్లో అందరూ సేతులు సేతులు పట్టుకోనే గదా నాయనా నిల్చుకునేది?”

అడిగింది అంతే. ఆదెప్ప లేచి, ముగ్గురికీ రొట్టెలు కట్టమన్నాడు.

ఉరుకుందలో బసప్ప ఇచ్చిన బనియన్ ఆదెప్ప తొడుక్కోలేదు. ఆట అయ్యాక జట్టు కూర్చునే పంక్తిలోనే తనకూ ఆకు వేయాలని, ఎడంగా తిననని చెప్పాడు. బసప్ప నవ్వాడు. ఆదెప్ప నవ్వకపోయేసరికి తగ్గాడు. ఊరోళ్లు ఒప్పుకోరన్నాడు. అయితే ఆడనన్నాడు ఆదెప్ప.

“మోకాలు పోయినోనివి. మేం ఇడిస్తే నిన్నింక ఎవడు పిలుస్తాడ్రా?”

అది నిజమే. ఈ బనియన్ ఇచ్చేస్తే మరో బనియన్ రాదు. ఆ సంగతి మోకాలే రోజూ చెబుతోంది. ఆదెప్ప బనియన్ మడిచి బసప్ప చేతిలో పెట్టి వచ్చేశాడు.

ఆట మొదలైంది. జనంలో ముగ్గురూ కింద కూర్చున్నారు. హులిగమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

“ఆరుమందే ఉండారు నాయనా.”

“ఏడోవాడు ఈడ కూటికి కూసోనుండాడు,” అన్నాడు ఆదెప్ప.

అంజినమ్మ గుడ్డ విప్పి రొట్టె మీద చెనిక్కాయల కారం వేసి ఇచ్చింది. తర్వాత, మొదటిసారి, బరి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“ఆ కొసన ఉండేటోనికి సీలమండ పట్టేది రాదు. తొందరపడతాండాడు,” అంది.

ఆదెప్ప రొట్టె నములుతూ ఆగిపోయాడు. ఊ కొట్టినన్నాళ్లూ ఆట మొత్తం నేర్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు, రెండు చేతులకూ కారం ఉంది మరి.

పన్నెండేళ్లలో ఆట రోజున అతను కడుపు నిండా తిని ఇల్లు చేరింది ఆ ఒక్కనాడే.